అదబ్ గల ఇల్లు

మా అమ్మాయి నన్ను అన్నా అని పిలుస్తుంది. ఇప్పటికీ అంతే. కొత్తవాళ్లు విని నా చెల్లెలనుకుంటారు, నా నెరిసిన జుట్టు చూసి తికమకపడతారు. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. కోహీర్ దారిలో ఉన్న మా ఊళ్లో మాది ఉమ్మడి కుటుంబం. నా తమ్ముడూ చెల్లెలూ నన్ను అన్న అనేవారు కాబట్టి పిల్ల కూడా అదే పట్టుకుంది. మా నాన్నను ఇంటిల్లిపాదీ నాయిన అనేవారు కాబట్టి ఆమెకూ ఆయనే నాయిన. దిద్దాల్సినవాణ్ణి నేను. దిద్దాలంటే బిడ్డను దగ్గరికి తీసుకుని, నేను నీ తండ్రినని చెప్పాలి. మా ఇంట్లో మగవాడు ఆ పని చేయకూడదు.

దాన్ని మా వైపు అదబ్ అంటారు. ఉర్దూ మాట. అడిగితే మర్యాద అని అర్థం చెబుతారు. మా ఇంట్లో మాత్రం తండ్రి ముందు కొడుకు మంచం మీద కూర్చోకపోవడం, బీడీ వెలిగించకపోవడం, భార్యతో మాట్లాడకపోవడం, అన్నిటికంటే ముఖ్యంగా కన్నబిడ్డను ఎత్తుకోకపోవడం అదబ్. అన్న పిల్లల్ని తమ్ముడు ఎత్తుకోవచ్చు. తమ్ముడి పిల్లల్ని అన్న ముద్దాడవచ్చు. తాత ఎవరినైనా ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. ఎవరి బిడ్డను వాళ్లు ముట్టుకుంటే మాత్రం సిగ్గుమాలిన పని. ఇంటినిండా చేతులున్నా ఏ పిల్లకూ తండ్రి చేతులు దొరక్కుండా చేసిన ఈ ఏర్పాటు ఎవరు కనిపెట్టారో గానీ, ఆ మహానుభావులకు దండం పెట్టాలి.

నా చిన్నతనం డెబ్బైల మొదట్లో. అప్పటికి తాత బతికే ఉన్నాడు కాబట్టి మా నాన్న కూడా అదబ్ కిందే బతికేవాడు. మా చిన్నాన్న కొడుకును భుజాల మీద ఎక్కించుకుని చెరుకు తోటకు తీసుకుపోయేవాడు. గడను పళ్లతో ఒలిచి, ముక్క విరిచి వాడి నోట్లో పెట్టేవాడు. నేను వెనక నడిచేవాణ్ణి. నాకూ ముక్క అందేది, కానీ వెనక్కి తిరిగి చూడకుండా చెయ్యి మాత్రం వెనక్కి చాపి ఇచ్చేవాడు. నాకు కోపం వచ్చేది కాదు, ఎందుకంటే మా అమ్మ ముందే చెప్పి ఉంచింది.

"తాత ఉన్నన్ని దినాలు గంతే బిడ్డా. నాయినకు నీ మీద పానం లేక కాదు."

దాంతో నాకు అర్థమైందేమిటంటే, తాత పోతే నాన్న నావాడవుతాడు. తొమ్మిదేళ్ల పిల్లవాడు తాత చావు కోసం ఎదురుచూశాడంటే వినేవాళ్లకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎదురుచూశాను. తాతకు దగ్గు ఎక్కువైనప్పుడల్లా లోలోపల సంతోషపడ్డాను. ఆయన నాకేమీ చెడు చేయలేదు, పైగా జేబులో పుట్నాలు పెట్టుకుని నాకు పెట్టేవాడు. ఆ పుట్నాలు నములుతూనే ఎదురుచూశాను.

తాత పోయాడు. పదకొండో రోజు భోజనాలయ్యాక బంధువులంతా వాకిట్లో చాపల మీద కూర్చున్నారు. నాన్న గుండు చేయించుకుని, కొత్త తువ్వాల కప్పుకుని, తాత మంచం మీద మొదటిసారి కూర్చున్నాడు. ఇక అడ్డమేముంది? నేను పోయి, ఎవరినీ ఏమీ అడగకుండా, ఆయన ఒళ్లో కూర్చున్నాను. నా కాళ్లు నేలకు తగులుతున్నాయి. ఒక్క క్షణం ఆయన ఒంటి వేడి నా వీపుకు తెలిసింది. తర్వాత ఆయన మోకాళ్లు విదిలించి నన్ను కింద పడేశాడు.

"గాడిది లెక్క పెరిగినవ్, ఒళ్లె కూసుంటవా? సిగ్గు లేదుర నీకు?"

వాకిలంతా నవ్వింది. చిన్నాన్న కొడుకు అందరికంటే గట్టిగా నవ్వాడు. మా అమ్మ తలుపు చాటున నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వాపుకోవడానికో మరెందుకో నాకు తెలియదు. నేనూ నవ్వాను. నన్ను పాడుచేసింది ఆ నవ్వే. ఏడ్చి ఉంటే నాలో ఏదో కొంత మిగిలేది. నవ్వి, దుమ్ము దులుపుకుని, ఈ మనిషి కంటే గట్టివాణ్ణి కావాలని ఆ రోజు అనుకున్నాను. అయ్యాను కూడా.

పద్దెనిమిదేళ్లకు పెళ్లి చేశారు. హైవే మీద చిరాగ్‌పల్లి దాటి కొంత దూరం పోతే కన్నడ బోర్డులు మొదలవుతాయి. నా భార్యది అటువైపు ఊరు. వాళ్ల ఇంట్లో తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడతారు, తండ్రిని అప్ప అంటారు. పెళ్లయిన కొత్తలో వాళ్ల ఇంటికి పోతే, మా బావమరిది వాళ్ల నాన్న పక్కనే కూర్చుని తన కొడుకుకు ముక్కు తుడుస్తున్నాడు. నేను చూడలేక తల తిప్పుకున్నాను. వీళ్లకు పెంపకం లేదని ఇంటికొచ్చి మా తమ్ముడితో అన్నాను.

ఏడాదికి బిడ్డ పుట్టింది. నేను ముట్టుకోలేదు. నాన్న లేనప్పుడైనా చాటుగా ఎత్తుకునేవాడివి కదా అని తర్వాత్తర్వాత కొందరు నన్ను అడిగారు. నా మీద జాలి కొద్దీ ఆ మాట నా నోట అనిపించాలని వాళ్ల ఆశ. లేదు, ఎత్తుకోలేదు. నాన్న పొలానికి పోయినప్పుడు పిల్ల పాకుతూ నా కాళ్ల దగ్గరికి వచ్చి, పంచె పట్టుకుని లేచి, చేతులు చాపేది. నేను తమ్ముణ్ణి కేకేసేవాణ్ణి. వాడు వచ్చి ఎత్తుకుని పోయేవాడు. పిల్ల వాడి భుజం మీద నుంచి నన్ను చూస్తూ పోయేది. అందులో నాకొక రుచి ఉండేది. మా నాన్న నాకు చేసిందే నేను ఇంకొకరికి చేస్తుంటే, నాకు జరిగింది తప్పు కాదనిపించేది.

ఆ పిల్లకు రెండేళ్లు వచ్చాక, ఒక సంత రోజు జహీరాబాద్‌లో అల్లం బస్తాలు దింపుతుంటే, నాన్న నలుగురితో అంటున్న మాట నా చెవిన పడింది.

"మావోనికి బిడ్డ పుట్టి రెండేండ్లాయె. ముట్టంగ నేనైతె సూడలే. అదబ్ అంటె గట్లుండాలె."

నేను పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఇంటిదాకా సైకిల్ తొక్కుతూ పాట పాడుకున్నాను. ఆ మెప్పు పోకుండా కాపాడుకోవాలంటే ఏం చేయాలో నాకు బాగా తెలుసు. ఏమీ చేయకుండా ఉంటే చాలు.

పిల్లకు నాలుగో ఏడు నడుస్తుండగా జరిగింది అసలు సంగతి. పసుపు తవ్వి ఉడకబెడుతున్న రోజులు. మా ఇంటి ముందే కల్లంలో నేల తవ్వి పొయ్యి పెట్టి, దాని మీద పెద్ద కడాయి ఎక్కించాం. చెరుకాకు తోసి మంట పెడుతున్నాం. మధ్యాహ్నం వేళ, మంట ఎక్కువైందని నిప్పులు కొన్ని బయటికి గుంజి పక్కన పోశాను. గుంజింది నేనే, ఇంకెవరూ కాదు. కాసేపటికి వాటి మీద తెల్లగా బూడిద కమ్మింది. పైకి చూస్తే చల్లారినట్టే ఉంది.

ఆ రోజే మా చెల్లెలి సంబంధం మాట్లాడటానికి రాయికోడ్ నుంచి నలుగురు పెద్దమనుషులు జీపులో వచ్చారు. నాన్న వాళ్లతో వేపచెట్టు నీడన మంచాల మీద కూర్చున్నాడు. నా భార్య లోపల వంటలో ఉంది. తమ్ముడు కడాయి అవతల, పొగలో, పసుపు కలియబెడుతున్నాడు. నేను మంచాలకూ పొయ్యికీ మధ్య, చేతులు కట్టుకుని, పెద్దలు ఏదైనా తెమ్మంటే తేవడానికి నిలబడి ఉన్నాను.

పిల్ల ఇంట్లోంచి ఉత్తికాళ్లతో పరుగెత్తుకొచ్చి, ఆ బూడిదలో కాళ్లు పెట్టింది.

పెద్దవాళ్లయితే ఎగిరి దూకుతారు. ఆ వయసు పిల్లలు దూకరు, నిలబడిపోతారు. అరుస్తూ అక్కడే నిలబడి, నా వైపు రెండు చేతులూ చాపింది. నేను పరుగెత్తాను. అబద్ధం చెప్పడం లేదు, నా కాళ్లు పరుగెత్తాయి. చెయ్యి చాపితే అందేంత దగ్గరికి పోయాను. అక్కడ ఆగాను. నా చేతులు లేవలేదు. తల తిప్పి మా నాన్న వైపు చూశాను. ఆయన మంచం మీద సగం లేచి, నోరు తెరుచుకుని ఉన్నాడు. అప్పుడు నేను చేసిన పని, కడాయి వైపు తిరిగి అరవడం.

"తమ్మీ! పోరిని ఎత్తుకో!"

తమ్ముడు చేతిలోది పారేసి, కడాయి చుట్టూ తిరిగి వచ్చి, నిప్పుల్లోకి తన కాళ్లే పెట్టి పిల్లను ఎత్తుకున్నాడు. ఎంతసేపు పట్టిందని అడిగితే రెండు ఊపిర్లంత. ఆ రెండు ఊపిర్లలో పాదాల చర్మం ఏమవుతుందో నేను ఇక్కడ రాయను, చూసినవాణ్ణి కాబట్టి.

పెద్దమనుషుల జీపులోనే జహీరాబాద్ తీసుకుపోయాం. తమ్ముడు పిల్లతో ముందు కూర్చున్నాడు. నేను వెనక, అరుపులు విని పక్కింటి నుంచి వచ్చిన వరసకు పెదనాన్న పక్కన, పిల్ల చెప్పులు పట్టుకుని కూర్చున్నాను. వాటిని ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. దవాఖానలో పిల్ల తమ్ముడి మెడ వదలడం లేదు. డాక్టర్ చూసి, "తండ్రి ఒక్కడే లోపటికి రా. మిగిలినోళ్లు బైటనే ఉండున్రి" అన్నాడు.

తమ్ముడు నా వైపు చూశాడు. నేను పెదనాన్న వైపు చూసి, పొమ్మని తమ్ముడికి సైగ చేశాను. తలుపు మూసుకుంది. లోపల్నుంచి అరుపులు మొదలయ్యాయి. బయట బల్ల మీద కూర్చున్న నాకు ఆ క్షణాన హాయిగా అనిపించింది. లోపల ఉండాల్సిన పని తప్పిందని హాయి. దీన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మూడు రోజులు ఉంచుకుని పంపించారు. వెళ్లేముందు డాక్టర్ మళ్లీ తండ్రిని లోపలికి పిలిచాడు. మళ్లీ తమ్ముడే పోయాడు. పుండు ఆరే కొద్దీ కాలివేళ్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, కట్టు కట్టిన ప్రతిసారీ వేళ్ల మధ్య గుడ్డపీలికలు పెట్టాలి అని డాక్టర్ చెప్పాడట. తమ్ముడికి అప్పటికి ఇరవై లేవు. మూడు రోజులుగా నిద్ర లేదు, వాడి పాదాలకూ కట్లున్నాయి. తలూపి బయటికొచ్చాడు, మరిచిపోయాడు. వాణ్ణి ఒక్క మాట అనే హక్కు ఈ భూమ్మీద నాకు లేదు.

అంతకు ముందు, వెనక బస్సులో దవాఖానకు వచ్చిన నా భార్య నన్నొక మాట అడిగింది.

"నువ్వెంత దూరంల ఉన్నవ్?"

"పక్కనే."

"మరిది?"

"కడాయి అవతల."

ఆమె పిల్ల కట్ల మీద దుప్పటి సర్దింది. "మా అప్ప ముంగట మా అన్నదమ్ములు పిల్లల్ని ఎత్తుకుంటరు. మా అప్ప ఏం సచ్చిపోలే" అంది. అంతే, అరవలేదు, ఏడవలేదు. మామగారు వచ్చాడు. పిల్లను తీసుకుని ఆయనతో పుట్టింటికి వెళ్లిపోయింది. బస్సు ఎక్కుతూ ఒక్కటే చెప్పింది. "మీ నాయిన ముంగట నీ బిడ్డను ఎత్తుకుంటనంటె రా. లేకుంటె రాకు."

నేను వెళ్లలేదు. ఇల్లు నన్ను వెళ్లమనలేదు. ఆడవాళ్ల కోపం దిగివస్తుందని అందరూ అన్నారు, అదే నాకూ వీలుగా ఉంది. నెల దాటింది. మా చెల్లెలి సంబంధం ఖాయమైంది. ఎలా ఖాయమైందో జహీరాబాద్ సంతలో విన్నాను. ఆ రాయికోడ్ పెద్దమనిషి మా నాన్న భుజం మీద చెయ్యి వేసి, చుట్టూ ఉన్నవాళ్లకు చెబుతున్నాడు.

"గింత అదబ్ ఉన్న ఇల్లు నేనైతె ఎక్కడ సూడలే. కండ్ల ముంగట బిడ్డ కాలుతుంటె గూడ తండ్రి ముంగట చెయ్యి లేపలే. గసోంటి ఇంటి పిల్ల కావాలనుకున్నం."

మా నాన్న మీసం సవరించుకున్నాడు. అక్కడున్నవాళ్లలో ఒకడు నన్ను చూసి, "షాబాష్" అన్నాడు. జీవితమంతా నేను ఆకలితో ఎదురుచూసిన మెప్పు అది, నలుగురిలో, నాన్న ముందు. అల్లం బస్తాల వెనక్కి పోయి కక్కుకున్నాను. ఇంటికి పోకుండా బస్టాండుకు నడిచి, చిరాగ్‌పల్లి మీదుగా పోయే బస్సెక్కాను.

అత్తగారి ఊళ్లో నాకు ఎవరూ ఎదురురాలేదు. అరుగు మీద మామగారు పిల్ల కాలు ఒళ్లో పెట్టుకుని కట్టు విప్పుతున్నాడు. కుడికాలి వేళ్లు రెండు అతుక్కుపోయాయి. అక్కడి డాక్టర్ పది రోజుల కిందట బ్లేడుతో విడదీశాడు. పీలికలు పెట్టమని తండ్రికి చెప్పలేదా అని ఆ డాక్టర్ అడిగితే, నా భార్య మా తమ్ముడికి కార్డు రాసి తెలుసుకుంది. తండ్రికి చెప్పారు. తండ్రి బయట బల్ల మీద ఉన్నాడు. అది విని అరుగు కిందే కూలబడి ఏడ్చాను. పెద్దగా, మా ఊళ్లో మగవాడు ఏడవకూడనంత పెద్దగా ఏడ్చాను. నా భార్య గడపలో నిలబడి చూసింది గానీ దగ్గరికి రాలేదు. పిల్ల భయపడి తాత చంకలో తల దూర్చింది.

మామగారు కాసేపు ఓపిక పట్టాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు. "ఏడ్సేదుంటె బైట ఏడ్వున్రి అల్లుడా. కాలు పట్టేదుంటె లోపలికి రాన్రి."

నాకు ఆయన మీద కోపం వచ్చింది. నా ఏడుపుకు కాస్త విలువ ఇస్తాడనుకున్నాను. అయినా లోపలికి పోయాను. ఉడికించి చల్లార్చిన వేపాకు నీళ్లతో అంటుకుపోయిన గుడ్డను తడపాలి, నెమ్మదిగా తీయాలి, మందు రాయాలి, ఒక్కో వేలి మధ్య పీలిక దూర్చాలి, తర్వాత వేళ్లను ఒక్కొక్కటిగా వంచాలి. నా బిడ్డను నేను మొట్టమొదట ముట్టుకున్నది ఆ కాలిన పాదం దగ్గర. ఆమె నన్ను ఛాతీ మీద తన్ని, "అన్నా వద్దు! కాకను పిలువు!" అని అరిచింది. కాక అంటే మా తమ్ముడు. పిల్లకు నేను నేర్పిన అదబ్ అది.

మూడో రోజు వంటింట్లో అత్తగారు రొట్టెలు చేస్తుంటే, పొయ్యి మీద పెంకను అరచేత్తో అదిమి పట్టుకున్నాను. ఎందుకు చేశావంటే, నాకూ కాలాలి అనిపించింది. కాలింది. చెయ్యి బొబ్బలెక్కి మూసుకోకుండా అయింది. చేసినప్పుడు నా మనసుకు ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. లెక్క సరిపోయినట్టు, ఇక నన్ను ఎవరూ ఏమీ అననవసరం లేనట్టు అనిపించింది.

నా భార్య వచ్చి ఆ చెయ్యి చూసింది. జాలిపడుతుందనుకున్నాను.

"ఇగ నీ చెయ్యికి గూడ నేనే కట్టు కట్టాల్నా? పోరి కాలుకు రేపు పీలికలు ఎవరు పెడ్తరు, నీ నాయిననా?"

మామగారు బయటి నుంచి మెల్లగానే చెప్పాడు గానీ ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది. "మీ మీద మీరు కక్ష తీర్సుకుంటె పోరికేం లాభం? ఆ చెయ్యి పనికి కావాలె. జర మంచిగ సూసుకోన్రి."

నా చెయ్యి ఆరడానికి పట్టిన పది రోజులూ పిల్ల కాలు పట్టే పని మళ్లీ మామగారిదే అయింది. నేను పక్కన కూర్చుని నా చేతికి మందు రాసుకున్నాను, వేళ్లు బిగిసిపోకుండా వంచుకున్నాను. నొప్పి పెట్టినప్పుడు ఆగి, మళ్లీ వంచుకున్నాను. అంతవరకు నా ఒంటిని నేను ఎద్దును తోలినట్టు తోలుకున్నానే తప్ప, దానికి నొప్పి ఉంటుందని అనుకోలేదు. వాకిట్లో కింద పడిన తొమ్మిదేళ్లవాడు ఎవరూ చూడకుండా ఏడుపును ఎలా దిగమింగుకున్నాడో ఆ రోజుల్లో నాకు గుర్తుకొచ్చింది. వాడి మీద నాకు జాలి కలిగింది. తాత చావు కోరుకున్నందుకు వాణ్ణి తిట్టడం మానేశాను. ఇది గొప్ప మార్పు అని అప్పుడు అనుకోలేదు, చెయ్యి ఆరితే చాలనుకున్నాను.

చెయ్యి ఆరింది. కాలు పట్టాను. తన్నింది. రోజూ తన్నింది. ఇల్లరికం అల్లుడొచ్చాడని ఊళ్లో నవ్వారు, మా ఊరి నుంచి కూడా కబుర్లొచ్చాయి. రెండు నెలలకు తన్నడం తగ్గి, తిట్టడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం వేళ్లు వంచుతుండగానే నా తొడ మీద తల పెట్టి నిద్రపోయింది. కదిలితే లేస్తుందని నేను కదల్లేదు. కాలు తిమ్మిరెక్కి, తిమ్మిరి నొప్పిగా మారేదాకా అలాగే ఉన్నాను. నాకు అంతులేని సంతోషం కలిగింది, దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ తర్వాతే నా భార్య ఇంటికి వస్తానంది. షరతు మాత్రం అదే. మా నాన్న ముందు బిడ్డను ఎత్తుకుని లోపలికి నడవాలి.

బస్సు దిగి మా ఊరి దారిలో పిల్లను చంకనెత్తుకుని నడిచాను. దారి పొడుగునా నా బుర్రలో నాన్నకు చెప్పబోయే మాటలే. ఆయన ఇది అంటే నేను ఇది అంటాను, గాడిద అంటే ఇలా జవాబు చెబుతాను. వాకిట్లోకి అడుగుపెట్టేసరికి నాన్న మంచం మీద ఉన్నాడు. చుట్టూ ఇద్దరు ముగ్గురున్నారు. నేను ఆయన ఎదురుగా పోయి, పిల్లను ఇంకా గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఏమీ అనలేదు. అన్నది పిల్ల.

"దించు అన్నా. నాయిన ఉన్నడు."

చిన్న గొంతుతో, నా చెవిలో, నన్ను కాపాడుతున్నట్టు చెప్పింది. నేను ఇంకా బిగించాను. "దించు! నాయిన తిడ్తడు!" అని గింజుకుంది, ఏడుపు అందుకుంది, నా భుజం కొరికింది. అప్పుడు తెలిసింది, నేను ఆమెను బస్తాను పట్టినట్టు పట్టుకున్నానని, నా కళ్లు ఆమె మీద లేవని. ఆ రోజు నిప్పుల దగ్గర ఎటు చూశానో మళ్లీ అటే చూస్తున్నాను. ఆయన మెప్పు కోసం ఎత్తుకోకపోవడమూ, ఆయన మీద కసితో ఎత్తుకోవడమూ, రెంటిలోనూ పిల్ల లేదు.

దించాను. వెనక నా భార్య అడుగుల చప్పుడు ఆగిపోయింది. నేను ఓడిపోయాననుకుని ఆమె వాకిలి దగ్గరే వెనక్కి తిరిగింది. నేను నాన్న మంచం ముందు మట్టిలో కూర్చుని, పిల్లను కూర్చోబెట్టుకుని, పాదం ఒళ్లో పెట్టుకున్నాను. వేళ్లు వంచే వేళ ఎలాగూ అయింది. ఒక వేలు, రెండో వేలు. పిల్ల అలవాటు ప్రకారం తిట్టడం మొదలుపెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

"ఆడోళ్ల పని" అన్నాడు నాన్న.

"నా పని" అన్నాను, తల ఎత్తకుండా.

ఆయన లేచి లోపలికి పోయాడు. ఆ తర్వాత ఐదేళ్లు బతికాడు గానీ నాతో మాట్లాడలేదు. పక్కనే ఉన్నా, "మీ అన్నకు చెప్పు" అని తమ్ముడితో అనేవాడు. నేను గెలిచానని అనుకోకండి. ఆ ఐదేళ్లూ ఆయన నోటి నుంచి నా గురించి ఒక మంచి మాట వస్తుందేమోనని చెవులు నిక్కబొడుచుకునే ఉన్నాను. రాలేదు. ఆయన పోయినప్పుడు ఏడుపు వచ్చింది, దేనికో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నేను మట్టిలో కూర్చున్న ఆ రోజు నా భార్య వాకిలి నుంచి తిరిగి లోపలికి వచ్చింది. పూర్తిగా తిరిగొచ్చిందా అంటే, ఆ మాట ఆమెనే అడగాలి.

తొంభైల మొదట్లో, పిల్లకు పదేళ్లు నిండాయి. కుడికాలు కాస్త ఈడ్చి నడిచేది. ఎండాకాలం సెలవులకు రాయికోడ్‌లో మేనత్త ఇంటికి పోయి వచ్చింది. నేను వాకిట్లో పసుపు ఆరబోస్తుంటే వచ్చి గట్టు మీద కూర్చుంది.

"అన్నా, అత్తమ్మోళ్ల ఇంట్ల అందరికి నీ ముచ్చటనే చెప్తరు. నువ్వు మస్తు అదబ్ గల్లోనివంట. నేను కాలుతుంటె గూడ ముట్టలేవంట."

అదింకా అక్కడ మెప్పుగా తిరుగుతోందని నాకు తెలియదు. చిన్నపిల్ల, ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు.

"అదబ్ కాదు బిడ్డా. భయం."

"నాకెరికే" అంది. "మంట యాదికి లేదు నాకు. చేతులు చాపిన. నువ్వు దగ్గరికొచ్చినవ్. వచ్చి అటు చూసినవ్."

"ఎటు?"

"నాయిన దిక్కు."

నాలుగేళ్ల పిల్లకు ఏం గుర్తుంటుందిలే అని ఇన్నేళ్లు నన్ను నేను ఊరడించుకున్నాను. అదొక్కటే గుర్తుంది ఆమెకు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కొట్టుకోలేదు. అలా చేస్తే ఆమె తన మాట ఆపి నన్ను ఓదార్చాల్సి వస్తుంది.

"అవును. నీ దిక్కు చూడలే" అన్నాను.

ఆమె కాసేపు పసుపు కొమ్ములు ఏరి పక్కన పెట్టింది. "మరి ఫస్టు ఎప్పుడు పట్టుకున్నవ్ నన్ను?"

"అమ్మమ్మోళ్ల ఇంట్ల. నీ కాలు."

"నేనేం చేసిన?"

"తన్నినవ్. గుండె మీద."

"దెబ్బ తాకిందా?"

"తాకింది."

"మంచిగైంది" అంది.

ఎగతాళిగా అనలేదు, నవ్వలేదు. నిజంగానే అలా జరగడం మంచిదనుకుని అంది. నాకు ఏడుపు వచ్చింది. ఆమె ముందే, అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆమె లేచిపోలేదు. ముక్కు చీదుకుని, అవును, మంచిగైంది అన్నాను.